అడంగల్లో పేరు కొట్టేశారు, చేలో పంట అలాగే ఉంది

"బావా, కొంప మునిగింది" అంటూ తెనాలి నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. అక్కడ అతనికో చిన్న డీటీపీ సెంటర్ ఉంది. రిటైరైన ఒక మాస్టారు తమ ఊరి చరిత్ర రాసి అచ్చుకిచ్చారు. పద్నాలుగు అధ్యాయాలు, అధ్యాయానికో వర్డ్ ఫైలు. డిస్కులో చోటు చాలడం లేదని పాత కరపత్రాల ఫోల్డర్లు తీసేస్తూ, వాటితోపాటు మాస్టారి ఫోల్డర్‌ని కూడా షిఫ్ట్ నొక్కి మరీ డిలీట్ కొట్టాడు. అలా కొడితే రీసైకిల్ బిన్ గడప కూడా తొక్కదు.

"తర్వాత ఏం చేశావ్?" అన్నాను.

"ఏం చెయ్యలేదు బావా." కాస్త ఆగి, "ఎవరిదో పెళ్లి వీడియో ఒకటి కాపీ చేశా. నాలుగు జీబీ."

డిలీట్ అన్నప్పుడు పట్టని చెమట నాకు ఆ పెళ్లి వీడియో మాటతో పట్టింది.

ఎందుకో చెప్పాలంటే డిలీట్ బటన్ చేసే పనేమిటో చూడాలి. హార్డ్ డిస్కులో ప్రతి ఫైలుకీ రెండు ఉనికులుంటాయి. ఒకటి, అయస్కాంత పూత పూసిన పళ్లెం మీద ఉండే అసలు సరుకు. రెండోది, ఆ సరుకు ఎక్కడుందో చెప్పే పట్టిక. మన పల్లెల్లో పొలానికీ, దాని వివరాలు రాసే అడంగల్‌కీ ఉన్న సంబంధం లాంటిదే ఇది. డిలీట్ కొడితే కంప్యూటర్ పొలంలోకి దిగదు. అడంగల్లో పేరు కొట్టేసి, ఈ చెక్క ఖాళీ, ఎవరైనా వేసుకోవచ్చు అని రాస్తుంది. చేలో పంట అలాగే ఉంటుంది. వేరేవాళ్లొచ్చి దున్నేదాకానే సుమా.

విండోస్‌కి ముందు వాడిన డాస్ రోజుల్లో ఈ కొట్టివేత మరీ నాజూగ్గా ఉండేది. పట్టికలో ఫైలు పేరులోని మొదటి అక్షరం చోట 229 అనే అంకె పెట్టేవాళ్లు. ఆ అంకె కనిపిస్తే ఫైలు లేనట్టు లెక్క. 1982లో వచ్చిన నార్టన్ యుటిలిటీస్‌లో పోయిన ఫైళ్లను తిరిగి తెచ్చే ప్రోగ్రామ్ ఆ పేరు వెతికిపట్టుకుని, మొదటి అక్షరం ఏమిటో మిమ్మల్నే అడిగేది. ‘లగ్నపత్రిక’ అని పెట్టుకున్నది ‘?గ్నపత్రిక’గా మిగిలిందన్నమాట. ఆ ఒక్క అక్షరం చెబితే చాలా సార్లు ఫైలు లేచి కూర్చునేది. అయితే అక్కడో చిక్కుంది. ఫైలు ముక్కలు ఏయే గదుల్లో ఉన్నాయో చెప్పే గొలుసును కూడా డాస్ చెరిపేసేది. మొదలెక్కడో, మొత్తం పొడవెంతో మాత్రమే తెలిసేవి. ముక్కలన్నీ వరసగా ఉంటే అదృష్టం, చెల్లాచెదురుగా ఉంటే ఊహే గతి.

ఇప్పటి విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే పట్టిక పద్ధతి ఈ విషయంలో నయం. ప్రతి ఫైలుకీ 1024 బైట్ల చీటీ ఒకటి ఉంటుంది. అందులో పేరు, తేదీలు, సరుకున్న చోట్లు అన్నీ ఉంటాయి. డిలీట్ చేస్తే ఆ చీటీలో ‘వాడుకలో ఉంది’ అన్న గుర్తు మాత్రం ఆరిపోతుంది. మిగతా రాత చాలావరకు అలాగే ఉంటుంది, ఇంకో కొత్త ఫైలుకి ఆ చీటీ ఇచ్చేదాకా.

అందుకే బావమరిదికి చెప్పిన మొదటి మాట, "ఇంకేం ముట్టుకోకు, ప్లగ్ పీకేసెయ్." రికవరీ సాఫ్ట్‌వేర్ కావాలని నెట్‌లో వెతికి, దాన్నే తెచ్చి అదే డిస్కులో ఇన్‌స్టాల్ చేసేవాళ్లను నేను చాలామందిని చూశాను. దొంగలు పడిన ఇంటిని పోలీసులు రాకముందే కడిగేసినట్టుంటుంది ఆ పని. డిస్కు ఊడదీసి వేరే కంప్యూటర్‌కి తగిలించాలి. దొరికింది దొరికినట్టు మరో డిస్కులోకి దించుకోవాలి.

అదే చేశాం. చీటీల ద్వారా ఎనిమిది అధ్యాయాలు పేర్లతో సహా వచ్చాయి. మిగతావాటి చీటీలే లేవు. అప్పుడు పట్టిక మొహం చూడకుండా నేరుగా పొలంలో దిగి వెతకాలి. ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్ చేసేది అదే. ప్రతి రకం ఫైలుకీ మొదట్లో ఓ పుట్టుమచ్చ ఉంటుంది. జేపెగ్ ఫొటో 255, 216, 255 అనే అంకెలతో మొదలై 255, 217తో ముగుస్తుంది. జిప్ ఫైలు ‘పీకే’ అనే రెండక్షరాలతో మొదలవుతుంది. ఆ ఫార్మాట్ తయారుచేసిన ఫిల్ కాట్జ్ పొడి అక్షరాలవి. పాత వర్డ్ ఫైలు మచ్చ 208, 207, 17, 224. కంప్యూటర్ మనుషులు వాడే, 0 నుంచి 9, ఆపైన A నుంచి F దాకా పదహారు గుర్తుల లెక్కలో రాస్తే అది D0CF11E0 అవుతుంది. సున్నాల్ని ఓ అనీ, ఒకట్లని ఐ, ఎల్ అనీ అనుకుని కళ్లు చికిలించి చూస్తే ‘డాక్‌ఫైల్’ అని చదవొచ్చు. ఎవరో ఇంజినీరు సరదా అది!

ఇలా తవ్వి తీసిన ఫైళ్లకు పేర్లుండవు. ఎఫ్ అనే అక్షరం, పక్కన ఓ పొడవాటి సంఖ్య, అంతే. మూడు వందలకు పైగా వచ్చాయి. మాస్టారి ఊరి పేరుతో వెతికాను. ఒక్కటీ దొరకలేదు. ఒక ఫైలు తెరిస్తే పిచ్చి గుర్తులు, ఇంగ్లిషు అక్షరాలు. పాడైపోయిందనే అనుకున్నాను. బావమరిది భుజం మీదుగా చూసి నవ్వాడు. "బావా, అది అను ఫాంటు. నీ సిస్టమ్‌లో లేదు కదా." యూనికోడ్ అంటే ప్రతి భాషలోని ప్రతి అక్షరానికీ సొంత అంకె ఇచ్చే పద్ధతి. అది కాని పాత ఫాంట్లలో తెలుగు ‘అ’ నిజానికి ‘అ’గా దాచిపెట్టి ఉండదు. ఇంగ్లిషు గుర్తుల వెనక తెలుగు బొమ్మలుంటాయి. ఫాంటు వేయగానే ఆ పిచ్చి గీతల్లోంచి నిజాం కాలం నాటి చెరువు కథ లేచొచ్చింది.

డిస్కే దెబ్బతింటే సంగతి వేరు. చదివే తల పళ్లెం మీద కొన్ని నానోమీటర్ల ఎత్తున ఎగురుతూ ఉంటుంది. మన వేలిముద్ర మరక దానికో గట్టు. టిక్ టిక్ చప్పుడు వస్తుంటే ఆపేసి, దుమ్ములేని గది ఉన్నవాళ్లకి ఇవ్వడమే మార్గం. ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందన్న చిట్కా నమ్మకండి, లోపల చెమ్మ చేరుతుంది.

అలాగని గట్టి దెబ్బ తగిలిందంటే అంతా పోయినట్టే అనుకోనక్కర్లేదు. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక టెక్సస్ ఆకాశంలో ముక్కలైంది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ పోయారు. నౌకలో జీనాన్ వాయువు చిక్కదనం మీద ఓ ప్రయోగం జరిగింది. దాని 400 ఎంబీ హార్డ్ డిస్కు ఆరు నెలల తర్వాత ఎండిన చెరువు అడుగున దొరికింది. సర్క్యూట్ బోర్డు కాలిపోయి, సీలు కరిగి లోపల మట్టి చేరింది. పళ్లేలు మాత్రం వంకర పోలేదు. క్రోల్ ఆన్‌ట్రాక్ సంస్థ ఇంజినీరు వాటిని కడిగి, వేరే డిస్కులో బిగించి, 99 శాతం సమాచారం రాబట్టారు. 2008లో ఆ ప్రయోగ ఫలితం ఫిజికల్ రివ్యూ ఈ పత్రికలో అచ్చయింది. ఆ కంప్యూటర్ నడిపింది డాస్. అది సరుకును చెల్లాచెదురు చేయకుండా ఒకవైపే పేర్చింది. దెబ్బతిన్న చోట సరుకు లేదు.

ఇప్పటి లాప్‌టాప్‌లలో ఎక్కువగా తిరిగే పళ్లేలే లేవు, చిప్పుల్లో సమాచారం దాచే ఎస్‌ఎస్‌డీలున్నాయి. వాటి దగ్గర ఈ కథంతా తారుమారు. ఫ్లాష్ చిప్పులో రాసినదాని మీద మళ్లీ రాయడం కుదరదు. ముందు పెద్ద పెద్ద దిమ్మలుగా చెరపాలి. అందుకని ట్రిమ్ అనే ఆజ్ఞ పెట్టారు, విండోస్ 7 నుంచీ ఉంది. మీరు డిలీట్ కొట్టగానే ‘ఈ చెక్క ఖాళీ’ అని కంప్యూటర్ డిస్కుకే కబురు పంపుతుంది. డిస్కు తీరిక చూసుకుని తానే దున్నేస్తుంది. మీరు మళ్లీ అడిగితే చాలా డిస్కులు సున్నాలు చూపిస్తాయి. ఎస్‌ఎస్‌డీలో డిలీట్ చేసినదాన్ని తప్పకుండా తెచ్చిస్తామని ముందే డబ్బు అడిగేవాళ్ల దగ్గర జాగ్రత్త.

బావమరిదిది అదృష్టవశాత్తూ పాత హార్డ్ డిస్కే. పద్నాలుగులో పన్నెండు అధ్యాయాలొచ్చాయి. ఆరు, ఏడు అధ్యాయాల చోట పెళ్లి వీడియో కూర్చుంది. తలంబ్రాల దగ్గరి ఘట్టం అనుకుంటాను. ఒకసారి దున్నాక అడుగున పాత పంట ఆనవాళ్లు దొరుకుతాయన్నది నేటి డిస్కుల విషయంలో వట్టి మాట.

షాపులో కుర్రాడు లెక్కలు వేసుకునే చిత్తు కాగితాల కట్ట తెచ్చి చూపించాడు. వెనకవైపు ఆ రెండు అధ్యాయాలవీ మాస్టారు ఎర్ర పెన్సిల్‌తో దిద్దిన మొదటి ప్రూఫులు. మూడు పేజీలు తక్కువయ్యాయి. వాటిని మాస్టారు మళ్లీ రాసిచ్చారు. ఈసారి నాలుగయ్యాయి.