అంకోర్ వాట్‌కు వెళ్లే పిల్లలకు

టి.నగర్, చెన్నై

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతి సెలవులకు మీరు కంబోడియాలోని అంకోర్ వాట్ చూడబోతున్నారని మీ నాన్న చెప్పాడు. పన్నెండో శతాబ్దంలో సూర్యవర్మ కట్టించిన ఆ గుడి విశేషాలు అక్కడి గైడు చెబుతాడు కనుక నేను వేరొక సంగతి రాస్తున్నాను. విమానం దిగిన క్షణం నుంచి అక్కడివారి కంటికి మీరు కలవారి పిల్లలు.

నెలాఖరుకు లెక్క చూసుకునే కుటుంబం మనది. 2019లో నేనూ, మీ నాయనమ్మా రెండేళ్లు దాచిన డబ్బుతో ఆ గుడి దగ్గరి ఊరైన సియం రీప్ వెళ్లాము. ఆ దాచుకోవడం ఎవరికి కనబడుతుంది? కనబడినవి నా మెడలోని కెమెరా, ఆమె చేతుల బంగారు గాజులు. గుడికి ఒక రోజు టికెట్టు విదేశీయులకు 37 డాలర్లు, కంబోడియావారికి ఉచితం అని తెలిసి నా మనసు చివుక్కుమంది. అప్పుడు మన మహాబలిపురం గుర్తుకు వచ్చింది. అక్కడ మనకు 40 రూపాయలు, విదేశీయులకు 600. అది అన్యాయమని మనలో ఎవరమైనా ఎప్పుడైనా అన్నామా? తెల్లవారిని చూడగానే శంఖాల అంగడివాడు ధర పెంచడం ఎన్నోసార్లు చూశాను గాని, ఆ చూపు ఒకనాడు నా మీద పడుతుందని ఊహించలేదు.

మమ్మల్ని తిప్పిన టుక్‌టుక్ డ్రైవరు మర్యాదస్తుడు. రెండో రోజు మధ్యాహ్నం బాయన్ గుడి ఎదుట చెట్టు నీడన బండి ఆపి, మీ విమానం టికెట్టు ఎంతయిందని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాడు. నేను సగమే చెప్పాను. అతడు వేళ్లు మడిచి లెక్కపెట్టుకొని, అది తన నాలుగు నెలల సంపాదన అన్నాడు. ఆ గొంతులో అసూయ లేదు. నాకే మాట రాలేదు. ఆ అబద్ధం నన్ను ఇప్పటికీ బాధిస్తోంది.

బజారులో బేరమాడండి, అది అక్కడా ఉన్న అలవాటే. కాని డాలరుకు అక్కడి డబ్బు దాదాపు 4,000 రియళ్లు వచ్చే చోట రెండు వేల రియళ్ల కోసం పట్టుబట్టి నిలబడకండి. మోసపోతున్నామన్న ఉక్రోషమే మనిషిని అలా నిలబెడుతుంది. టుక్‌టుక్‌కు మాత్రం ఎక్కకముందే రోజుకు ఎంతో మాట్లాడుకోండి.

గుడి మెట్ల దగ్గర మీ వయసు పిల్లలు పోస్టుకార్డులు పట్టుకొని ‘వన్ డాలర్’ అంటూ వెంట వస్తారు. మీకు జాలి కలుగుతుంది, కలగాలి కూడా. అయితే పిల్లల దగ్గర కొనవద్దనీ, వారికి డబ్బు ఇవ్వవద్దనీ, ఇస్తే వారు బడి మానేస్తారనీ ఆ గుడుల సంరక్షణ చూసే అప్సర సంస్థే సందర్శకులను కోరింది. కొనవలసినవి పెద్దవారి దుకాణంలో కొనండి. ఆ పిల్లలను మాత్రం కనబడనట్టు దాటిపోకండి, ముఖం చూసి నవ్వుతూ వద్దని చెప్పండి.

చిరిగిన డాలరు నోటు అక్కడ చెల్లదు, చూసి తీసుకువెళ్లండి. ఆ డ్రైవరు నంబరు నా డైరీలో ఉంది, బయలుదేరేలోగా వచ్చి రాసుకోండి. అతడు మళ్లీ అడిగితే టికెట్టు అసలు ధర చెప్పండి.

మీ తాతయ్య