డికాక్ మోకాలు, టోపీ మీద పువ్వు: ఒక పాత గొడవ కథ

2025 డిసెంబరు 6, మధురవాడ స్టేడియం. ఆ వన్డే గురించి వైజాగ్‌లో ఎవరిని కదిపినా జైస్వాల్ సెంచరీ, రోహిత్ 75, కోహ్లీ నాటౌట్, తొమ్మిది వికెట్ల గెలుపు, ఇవే చెప్తారు. నాకు మాత్రం మధ్యాహ్నం ఎండలో దక్షిణాఫ్రికా బ్యాటర్ డికాక్ కొట్టిన 106 గుర్తుండిపోయింది, దానికి కారణం బ్యాటింగ్ కూడా కాదు. మా వెనక వరుసలో ఒక పెద్దాయన పక్కనున్న కుర్రాడితో "మోకాలు వంచనని మ్యాచే మానేసినోడు వీడేరా" అన్నారు. "ఏటి బాబాయ్, మోకాలికి దెబ్బా?" అన్నాడు వాడు. ఈలోగా బాల్ బౌండరీకి పోయింది, సమాధానం గోలలో కలిసిపోయింది.

ఆ సమాధానం చెప్పాలంటే డికాక్ దగ్గర కాదు, వాళ్ల టోపీ దగ్గర మొదలుపెట్టాలి. దక్షిణాఫ్రికా క్రికెటర్ల టోపీ మీద ఒక పువ్వు ఉంటుంది, ప్రోటియా. అందుకే కామెంటేటర్లు ఆ జట్టును ప్రోటియాస్ అంటారు. అదే దేశపు రగ్బీ జట్టుకు మాత్రం గుర్తు జింక, అంటే స్ప్రింగ్‌బాక్. ఒకే దేశం, ఒకే చరిత్ర, క్రికెట్‌కు పువ్వు, రగ్బీకి జింక. ఇది ఎవరో డిజైనర్ సరదాకి పెట్టింది కాదు.

ఒకప్పుడు రెండు ఆటలకూ జింకే. 1906లో ఇంగ్లండ్ వెళ్లిన రగ్బీ జట్టుతో ఆ పేరు స్థిరపడింది, తర్వాత మిగతా ఆటలకూ పాకింది. గొడవ జింకతో కాదు, దాన్ని ఎవరు వేసుకోవచ్చు అన్నదానితో. స్ప్రింగ్‌బాక్ తెల్లవాళ్లకు మాత్రమే. నల్లవాళ్లు, మిశ్రమ జాతి వాళ్లు ఎంత బాగా ఆడినా ఆ జెర్సీ వాళ్లకు రాదు. కేప్‌టౌన్‌లో పుట్టిన బేసిల్ డి ఒలివెరా సొంత దేశానికి ఆడే దారి లేక ఇంగ్లండ్ వెళ్లి ఆ జట్టులో చేరాడు, 1968లో ఓవల్‌లో ఆస్ట్రేలియా మీద 158 కొట్టాడు. దక్షిణాఫ్రికా టూర్‌కు రావాల్సిన ఇంగ్లండ్ జట్టులో అతను ఉన్నాడని దక్షిణాఫ్రికా ప్రధాని ఫోర్‌స్టర్ ఆ టూర్‌నే వద్దన్నాడు. అక్కడి నుంచి తలుపులు ఒక్కొక్కటే మూసుకుపోయాయి, 1970 తర్వాత అధికారిక టెస్టు క్రికెట్టే లేకుండా పోయింది.

ఈ కథలో మన పేరూ ఉంది. 1974లో భారత టెన్నిస్ జట్టు డేవిస్ కప్ ఫైనల్‌కు చేరింది, ఎదురుగా దక్షిణాఫ్రికా. ఆడితే కప్పు వచ్చే అవకాశం గట్టిగానే ఉంది, అమృతరాజ్ సోదరులు మంచి ఊపు మీదున్నారు, అయినా మనవాళ్లు ఆడలేదు, కప్పు ఊరికే వాళ్లకు పోయింది. నిర్ణయం ప్రభుత్వానిది, పోగొట్టుకున్నది ఆటగాళ్లు. ఈ రెండు ముక్కలూ గుర్తుపెట్టుకోండి, డికాక్ దగ్గర మళ్లీ వస్తాయి.

అసలు ఆ తెల్ల ఆటగాళ్లలో ఎవరూ నోరు విప్పలేదా అంటే, విప్పారు. 1971 ఏప్రిల్‌లో కేప్‌టౌన్ న్యూలాండ్స్ మైదానంలో ఒక్క బాల్ ఆడి ఆటగాళ్లంతా బయటికి నడిచేశారు, జట్టును రంగు చూసి కాకుండా ఆట చూసి ఎంపిక చేయాలంటూ ఒక చిన్న ప్రకటన ఇచ్చి. కాసేపటికి వెనక్కి వచ్చి ఆట కొనసాగించారు కూడా. తక్కువేనా? తక్కువే. కానీ ఆ రోజుల్లో, ఆ ప్రభుత్వం కళ్ల ముందు, ఊరికే అయ్యే పని కాదు.

1991 నవంబరులో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మనతో ఆడే దక్షిణాఫ్రికా తిరిగి వచ్చింది. తిరిగి వచ్చాక క్రికెట్ బోర్డు జింకను పక్కన పెట్టేసింది, ఆ స్థానంలోకి ప్రోటియా వచ్చింది. ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. ఈ పువ్వు కూడా ఏ మచ్చా లేనిదేం కాదు. వర్ణవివక్ష రోజుల్లో రగ్బీలో మనుషులను విడగొట్టినట్టే గుర్తులనూ పంచారు: తెల్లవాళ్లకు స్ప్రింగ్‌బాక్, మిశ్రమ జాతి జట్టుకు ప్రోటియాస్, నల్లవాళ్ల జట్టుకు లెపర్డ్స్. అంటే పక్క వరుసలో కూర్చోబెట్టిన వాళ్ల పువ్వు తర్వాత అందరి టోపీ మీదికీ ఎక్కింది. నాకు ఈ విషయం తెలిసిన రోజు నుంచి ఆ టోపీ మామూలు టోపీలా కనబడటం మానేసింది.

రగ్బీలో అంత తేలిగ్గా అవలేదు. అక్కడ జింక అంటే ఆఫ్రికానర్లకు, అంటే డచ్ మూలాలున్న తెల్లవాళ్లకు, దాదాపు ఇంటి దేవుడు. 1992 ఆగస్టులో జొహానెస్‌బర్గ్ ఎల్లిస్ పార్క్‌లో న్యూజీలాండ్‌తో మ్యాచ్. పాత జాతీయ గీతం వద్దు, పాత జెండాలు వద్దు అని ముందే మాట అనుకున్నారు. తీరా మ్యాచ్ రోజు గీతం మోగింది, గ్యాలరీ నిండా పాత జెండాలే. ఆ తర్వాత స్ప్రింగ్‌బాక్‌ను పూర్తిగా తీసిపారేయాలని మండేలా సొంత పార్టీలోనే చాలామంది పట్టుబట్టారు. తీయొద్దన్నది మండేలా. ఇరవై ఏడేళ్లు జైల్లో ఉన్న మనిషి, తనను జైల్లో పెట్టినవాళ్లకు ప్రాణమైన బొమ్మను ఉంచుదామన్నాడు. 1995 జూన్ 24న వరల్డ్ కప్ ఫైనల్‌కు అదే జెర్సీ, వీపు మీద కెప్టెన్ పినార్ ఆరో నంబరు, వేసుకుని వచ్చాడు. దక్షిణాఫ్రికా 15-12తో గెలిచింది. ఈ సీన్ అందరికీ తెలుసు కాబట్టి ఎక్కువ చెప్పను, ఒక్కటి తప్ప: ఆ రోజు మైదానంలో వాళ్ల జట్టులో తెల్లవాడు కాని ఆటగాడు చెస్టర్ విలియమ్స్ ఒక్కడే. గుర్తును క్షమించినంత త్వరగా జట్టు మారలేదు. నల్లజాతి టెస్ట్ కెప్టెన్‌గా సియా కోలిసి రావడానికి 2018 దాకా పట్టింది.

క్రికెట్ ఎందుకు గుర్తును అంత త్వరగా వదిలేసింది అంటే, నా అంచనా ఇది: క్రికెట్‌కు ప్రపంచంతో పని ఉంది. భారత్, వెస్టిండీస్, పాకిస్తాన్‌తో ఆడాలి, వాళ్ల ముందు జింకతో నిలబడలేదు. రగ్బీకి ఆ అవసరం తక్కువ, దాని జనం, దాని డబ్బు ఎక్కువగా తెల్లవాళ్ల దగ్గరే.

ఇక మోకాలు. నల్లవాళ్ల మీద వివక్షకు నిరసనగా ఆటకు ముందు ఒక మోకాలి మీద కూర్చోవడం, 2016లో అమెరికన్ ఫుట్‌బాలర్ కేపర్నిక్‌తో మొదలైన ఆ పద్ధతి, 2020లో అమెరికా పోలీసుల చేతిలో నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత క్రికెట్‌లోకీ వచ్చింది. ఫాస్ట్ బౌలర్ ఎన్‌గిడి దీని గురించి జట్టులో మాట్లాడుకోవాలి అన్నందుకే కొందరు మాజీ ఆటగాళ్లు అతని మీద పడ్డారు. ఆ తర్వాత కొన్నాళ్లు జట్టులో ఒకరు మోకాలి మీద, ఒకరు పిడికిలి ఎత్తి, ఒకరు ఊరికే నిలబడి, ఫొటోలో ఎవరికి వాళ్లే అన్నట్టు కనబడేవాళ్లు. చివరికి 2021 అక్టోబరులో టీ20 వరల్డ్ కప్ మధ్యలో, వెస్టిండీస్ మ్యాచ్‌కు ముందు రోజు సాయంత్రం, అందరూ మోకాలి మీద కూర్చోవాల్సిందే అని బోర్డు తేల్చేసింది. డికాక్ ఆ మ్యాచ్ ఆడలేదు. మళ్లీ అదే: నిర్ణయం పైవాళ్లది, పోగొట్టుకున్నది ఆటగాడు. రెండు రోజుల్లో క్షమాపణ చెప్పాడు, తన సవతి తల్లి నల్లజాతి మనిషని, తన ఇంట్లో ఇది కొత్త విషయం కాదని, బలవంతంగా చెప్పడమే నచ్చలేదని అన్నాడు. తర్వాతి మ్యాచ్‌లో శ్రీలంక మీద మోకాలి మీద కూర్చున్నాడు.

బోర్డు చెప్పిన విషయం సరైనదే, చెప్పిన తీరే చెడగొట్టింది అని నాకనిపిస్తుంది. డికాక్ కూడా పెద్ద హీరో ఏం కాదు ఇక్కడ, టోపీ మీద ఆ పువ్వు ఎందుకుందో తెలిసిన జట్టులో ఆ మోకాలు కేవలం వ్యక్తిగత విషయం అనడం కుదరదు.

ఇలాంటివి మిగతా చోట్లా ఉన్నాయి. 2017లో అమెరికాలోని ట్యాంపాలో, బానిసత్వం కోసం యుద్ధం చేసిన దక్షిణాది సైన్యం స్మారకాన్ని కోర్టు దగ్గర నుంచి తరలించే ఖర్చుకు ఆ ఊరి ఫుట్‌బాల్, ఐస్ హాకీ, బేస్‌బాల్ జట్లు తలా ఒక చెయ్యి వేశాయి. మనకు దగ్గరగా అనిపించేది ఆస్ట్రేలియాది. జనవరి 26 మనకు రిపబ్లిక్ డే, వాళ్లకు ఆస్ట్రేలియా డే, 1788లో బ్రిటిష్ నౌకాదళం సిడ్నీలో దిగిన రోజు. అక్కడి ఆదివాసులు 1938 నుంచే దాన్ని సంతాప దినం అంటున్నారు. 2021లో క్రికెట్ ఆస్ట్రేలియా ఆ రోజు బిగ్ బాష్ మ్యాచ్‌ల ప్రచారంలోంచి ఆ పేరు తీసేస్తే, క్రికెట్ మీద దృష్టి పెట్టండి అంటూ సాక్షాత్తూ ప్రధాని మారిసన్ విసుక్కున్నాడు.

మన దగ్గరా లేదనుకోకండి. బాంబేలో హిందూస్, ముస్లిమ్స్, పార్శీస్ అని మతం పేరుతోనే జట్లు ఆడేవి, 1926లో మన సీకే నాయుడు ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎంసీసీ జట్టు మీద పదకొండు సిక్సర్లతో 153 కొట్టింది హిందూస్ జట్టుకే. 1940లో గాంధీ ఆ టోర్నీ వద్దన్నారు, అయినా 1946 దాకా సాగింది.

ఆ గాంధీ పేరే మళ్లీ మధురవాడకు వచ్చింది. భారత్, దక్షిణాఫ్రికా టెస్టు సిరీస్‌కు ఇచ్చేది గాంధీ, మండేలా పేర్ల మీద ఉన్న ఫ్రీడమ్ ట్రోఫీ, 2019 సిరీస్‌లో తొలి టెస్టు మన వైజాగ్‌లో గాంధీ జయంతి రోజు, అక్టోబరు 2నే మొదలైంది. అందులోనూ డికాక్ సెంచరీ కొట్టాడు, 111.

2025 డిసెంబరు నాటి ఆ వన్డేలో డికాక్‌కు అవతలి ఎండ్‌లో చాలాసేపు నిలబడింది నల్లజాతి ఆటగాడు బవూమా. దుబాయ్‌లో డికాక్ రానని అన్న రోజు కెప్టెన్ అతనే, ప్రెస్ ముందు కూర్చుని ఆ ప్రశ్నలన్నీ మోసింది అతనే. ఇక్కడ ఇద్దరూ కలిసి వంద పరుగులు దాటించారు, ఓవర్ల మధ్యలో పిచ్ మీద కలిసి గ్లోవ్స్ తాకించుకుంటున్నారు. ఇదంతా ఆ కుర్రాడికి చెబుదామని వెనక్కి తిరిగాను, వాడు పాప్‌కార్న్ కోసం కిందికి పోయాడు.