బ్రిడ్జికి ఏనుగు జ్ఞాపకశక్తి అక్కర్లేదు: అపోహలు - వాస్తవాలు

పోయిన ఏడాది సిరిమానోత్సవం అయిన తర్వాతి వారం, శ్రీకాకుళం నుంచి బస్సెక్కి ఒకావిడ విజయనగరంలో మా ఇంటికొచ్చారు. లెక్కల టీచరుగా రిటైరయ్యారు. నలుగురు రెండు జంటలుగా ఆడే పేకాట బ్రిడ్జి నేర్చుకోవాలని చాలాకాలంగా కోరిక. మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెడుతూనే అడిగేశారు: "మాస్టారూ, పొద్దున్న బీపీ మాత్ర వేసుకున్నానో లేదో సాయంత్రానికి గుర్తుండదు నాకు. యాభైరెండు ముక్కలు ఎలా గుర్తుంటాయండీ?"

కొత్తవాళ్లకు ఈ ఆట నేర్పుతున్నప్పటి నుంచీ నేను వింటున్న ప్రశ్న ఇదే. అడిగినవాళ్లు నయం, జవాబు చెప్పొచ్చు. అడగకుండా రెండు వారాలొచ్చి, "నా బుర్రకు ఎక్కదులే" అనుకుని మానేసేవాళ్లను చూస్తేనే బాధ. ఈ ఒక్క అపోహ వల్ల ఆటకు దూరమైనంత మంది మరే కారణం వల్లా కాలేదు.

బ్రిడ్జిలో 52 ముక్కలూ గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. మీ పదమూడు మీ చేతిలోనే ఉంటాయి. మొదటి ముక్క పడగానే డమ్మీ, అంటే ఆట ఆడేవారి పార్ట్‌నర్, తన పదమూడూ బల్ల మీద పరిచేస్తాడు. అంటే సగం పేక మీ కళ్లెదురుగానే ఉంది. మిగిలిన ఇరవయ్యారులోనూ మొదట్లో పట్టించుకోవాల్సింది ఒక్క రంగునే, అదీ తురుపును, అంటే మిగతా రంగుల్ని కొట్టే రంగును.

మీరు ఇస్పేటు తురుపుగా ఆడుతున్నారనుకోండి. మీ దగ్గర ఐదు, డమ్మీలో మూడు, మొత్తం ఎనిమిది. అవతలివాళ్ల దగ్గర ఐదు. ఆట మొదలయ్యే ముందే ఆ 'ఐదు' మనసులో పెట్టుకోండి. ఒకసారి తురుపు ఆడారు, అవతలివాళ్లిద్దరూ ఇస్పేటే వేశారు: మూడు మిగిలాయి. రెండోసారీ ఇద్దరూ వేశారు: ఒకటి మిగిలింది. రెండోసారి ఒకరు వేరే రంగు వేశారా, అప్పుడు రెండు మిగిలాయి, అవి రెండో మనిషి దగ్గరే ఉన్నాయి. జ్ఞాపకశక్తి అని భయపడేది ఇంతే. ఐదులోంచి తీసివేత.

చాలామంది పడిన ముక్కలన్నీ ఒకటి, రెండు, మూడు అని పదమూడు దాకా లెక్కపెడతారు. తప్పిపోయేది అక్కడే. పెళ్లి భోజనాల్లో పులిహోర గంటె పట్టుకున్నవాడు ఎంతమందికి వడ్డించానని లెక్కపెట్టుకోడు, ఇంకా ఎన్ని విస్తళ్లు ఖాళీగా ఉన్నాయో చూస్తాడు. మీరూ అలాగే చూడండి. అవతల ఉన్న ఐదు ముక్కలూ నూటికి 68 సార్లు మూడు-రెండుగా, 28 సార్లు నాలుగు-ఒకటిగా ఉంటాయి. ఐదూ ఒకరి దగ్గరే ఉండటం నాలుగుసార్లే. ఇది తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

ఆ టీచరమ్మకు మొదటి రోజు బిడ్డింగ్ (తురుపు ఏదో, ఎన్ని పట్లు గెలుస్తామో ముందుగా పాట పాడటం) ఊసే ఎత్తలేదు. నాలుగు చేతులు పంచి, మినీ బ్రిడ్జి ఆడించాను. అందరూ తమ పాయింట్లు పైకి చెప్పాలి: ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1. మొత్తం నలభై. ఎక్కువ ఉన్న జంట ఆడుతుంది, ఆ ఇద్దరిలో ఎక్కువ ఉన్నవారు పార్ట్‌నర్ ముక్కలు చూసి తురుపు ఎంచుకుంటారు. నాలుగో ఆదివారానికి ఆవిడ రెండోసారి తురుపు ఆడి, ఒక్క క్షణం ఆగి, "రెండున్నాయి, ఎడమ పక్కన" అని తనలో తను అనుకోవడం నాకు వినబడింది. నిజంగానే ఆ రెండూ అక్కడే ఉన్నాయి.

ఇదంతా ఇంత గట్టిగా చెప్పడానికి నా కారణం నాకుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక క్లబ్బులో బ్రిడ్జి నేర్పమని అడిగాను. అక్కడి పెద్దాయన ఒక జిరాక్సు కాగితాల కట్ట చేతిలో పెట్టి, "ఇవన్నీ బట్టీపట్టి రా, అప్పుడు కూర్చోపెడతాను" అన్నారు. స్టేమన్, బ్లాక్‌వుడ్ లాంటి బిడ్డింగ్ పద్ధతులు, ఇంకా ఏవేవో. ముక్క పట్టుకోకుండానే మానేశాను. మూడేళ్ల తర్వాత పార్వతీపురంలో ఒక తోటి ఉద్యోగి రూములో చాప మీద కూర్చోబెట్టి ముందు ఆట ఆడించాడు. ఆ మూడేళ్లూ నాకు ఊరికే పోయాయి.

బిడ్డింగ్ కష్టమన్నదీ ఈ భయానికి తోబుట్టువే. పాటలో చెప్పగలిగే బిడ్లు 35. పాస్, డబుల్, రీడబుల్ కలిపితే 38 మాటలు, అంతే భాష. మొదట ఇంత చాలు: పన్నెండు పాయింట్లుంటే పాట మొదలుపెట్టు, ఇద్దరివీ కలిపి ఇరవయ్యైదు దాటితే గేమ్ (బోనసు వచ్చే స్థాయి పాట) దాకా వెళ్లు. మిగతావి అవసరం పడినప్పుడు ఒక్కొక్కటీ వస్తాయి.

పేక అంటే జూదమే అనేది ఇంకో అపోహ. మా అమ్మ కూడా "పేక పట్టినోడు బాగుపడ్డాడా?" అనేది. సంక్రాంతికి తోటల్లో జరిగే ఆటలు, పోలీసుల దాడులు చూసిన ఊళ్లు మనవి, ఇంట్లోవాళ్ల భయం నాకు అర్థమవుతుంది. కానీ అదీ ఇదీ ఒకటే అని ఊరంతా చెప్పుకు తిరిగేవాళ్లతో నాకు ఓపిక లేదు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన రమ్మీ కేసులో, లాయర్లు 1968 సత్యనారాయణ కేసు అని చెప్పుకునే తీర్పులో, సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అంటూ బ్రిడ్జితో పోల్చింది. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ బ్రిడ్జిలోనే దేశానికి స్వర్ణం తెచ్చారు. అప్పటికి ప్రణబ్ గారికి అరవై ఏళ్లు. డబ్బు పెట్టి ఆడితే ఏ ఆటైనా వేరే కథ అవుతుంది. నా బల్ల మీద రూపాయి పందెం కూడా ఉండదు.

అదృష్టం ఉండాలంటారు. డూప్లికేట్ పద్ధతిలో మీరు ఆడిన అవే ముక్కలను పక్క బల్లల మీద వేరేవాళ్లూ ఆడతారు, ఎవరు బాగా ఆడారన్నదే తేలుతుంది. బ్రిడ్జి ఆడితే మతిమరుపు జబ్బు రాదని వాట్సాప్‌లో తిరిగేదాన్ని మాత్రం నమ్మి డాక్టరు దగ్గరికి వెళ్లడం మానకండి.

తప్పు ఆడితే పార్ట్‌నర్ తిడతాడని భయపడేవాళ్లకు ఒక మాట: తిట్టడం ఆట నియమాల్లో లేదు. మా ఇంట్లో ఎవరైనా గొంతు పెంచితే ఆ చేతికి ముక్కలు కింద పెట్టించేస్తాను.

నలుగురు కుదరకపోయినా ఆగక్కర్లేదు. ఇద్దరుంటే నాలుగు చేతులూ పంచి, ముక్కలన్నీ పరిచి, ఒకరు ఆడేవారిగా, ఒకరు అడ్డుకునేవారిగా కూర్చోండి. ప్రతి ఆటకీ ముందు అవతలివాళ్ల తురుపులెన్నో పైకి చెప్పి, ఆ అంకె ఒక కాగితం మీద రాసుకుని మొదలుపెట్టండి. పది ఆటలయ్యేసరికి ఆ కాగితం అక్కర్లేకుండా పోతుంది.