ల్యాప్‌టాప్ ర్యామ్: ఖరీదైనది వేస్తేనే స్పీడ్ పెరుగుతుందా? అపోహలు - వాస్తవాలు

రిపేరుకు ల్యాప్‌టాప్ తెచ్చినవాళ్లలో చాలామంది అడిగేది ఒకటే. "ఉన్నవాటిలో బెస్ట్ ర్యామ్ వేసెయ్యండి సార్, రేటు సంగతి తర్వాత చూద్దాం." రేటు చూసుకోక తప్పనివాళ్లే ఎక్కువగా ఈ మాట అంటారు. పని మధ్యలో ల్యాప్‌టాప్ మొరాయిస్తుంటే ఉద్యోగం ఏమవుతుందో, చదువు ఏమవుతుందో అన్న కంగారు వాళ్లది. ఆ కంగారు నాకు అర్థమవుతుంది. దాన్ని ఆసరా చేసుకుని నడిచే ప్రచారాన్ని చూస్తేనే ఒళ్లు మండుతుంది.

అపోహ: ప్రీమియం ర్యామ్ ఎందులో వేసినా, ప్యాకెట్ మీద రాసిన స్పీడ్ వస్తుంది.

రాదు. జనం డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే.

ప్రతి ర్యామ్ పట్టీ (స్టిక్) మీదా ఎస్పీడీ అనే చిన్న చిప్ ఉంటుంది. ఆ స్టిక్ ఏయే వేగాల్లో నడవగలదో అందులో రాసి ఉంటుంది. జెడెక్ (మెమరీకి ప్రమాణాలు నిర్ణయించే సంస్థ) ప్రమాణం ప్రకారం రాసిన వేగాలను ల్యాప్‌టాప్ తనంతట తానే చదువుకుని, తన ప్రాసెసర్‌కు కుదిరినదాన్ని ఎంచుకుంటుంది. గేమర్ల కోసమంటూ అమ్మే చాలా స్టిక్‌లలో మాత్రం ప్యాకెట్ మీద కనిపించే పెద్ద అంకె ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్‌లో, అంటే ఆ ప్రమాణాన్ని మించిన వేగం కోసం తయారీదారు విడిగా రాసిపెట్టే సెట్టింగుల్లో, ఉంటుంది. దాన్ని బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల స్క్రీన్) వెళ్లి ఆన్ చేయాలి. డెస్క్‌టాప్ బోర్డుల్లో ఆ ఆప్షన్ మామూలే కానీ చాలా ల్యాప్‌టాప్‌లలో అసలు కనపడదు. ఆప్షన్ లేకపోతే స్టిక్ అంతకన్నా తక్కువైన జెడెక్ వేగానికి దిగిపోతుంది.

ఓ ఇంజినీరింగ్ కుర్రాడు ఇలాగే వచ్చాడు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన రెండు 8 జీబీ స్టిక్‌లు తీసేసి, వాటి స్థానంలో రెండు ఖరీదైన 8 జీబీ స్టిక్‌లు వేసుకున్నాడు. వాటి మీదా వేగం 3200 అనే ఉంది. "గేమ్‌లో ఫ్రేమ్స్ ముందుకన్నా తగ్గాయన్నా, నాకే అలా అనిపిస్తోందా?" అన్నాడు. విండోస్ టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ తెరిచాం. స్పీడ్ దగ్గర 2400 అని ఉంది. పక్కన పెట్టేసిన పాత స్టిక్‌లు తిరిగి పెట్టగానే 3200 చూపించింది. ఆ ల్యాప్‌టాప్‌లో విడి గ్రాఫిక్స్ కార్డు లేదు, గ్రాఫిక్స్‌కు కూడా ర్యామే దిక్కు. అందుకే తేడా ఆటలో తెలిసిపోయింది. మొహం చిన్నబుచ్చుకున్నాడు పాపం. తప్పు అతనిది కాదు, ప్యాకెట్ మీద ఆ సంగతి చదవగలిగేంత పెద్దగా రాయనివాళ్లది.

సరే, ఆ వేగం నిజంగానే వచ్చిందనుకుందాం. దానివల్ల దక్కేదెంత? డీడీఆర్4 (ర్యామ్‌లో ఒక తరం, దాని తర్వాతిది డీడీఆర్5) 3200లో సాదా స్టిక్ సీఎల్ 22 (సీఎల్ అంటే డేటా అడిగాక అది వచ్చేలోపు గడిచే క్లాక్ టిక్కుల సంఖ్య) అయితే డేటా కోసం ఆగాల్సింది 13.75 నానోసెకన్లు. ఖరీదైన సీఎల్ 20 అయితే 12.5. తేడా ఒకటింబావు నానోసెకను. అదే ర్యామ్ చాలక విండోస్ ఎస్‌ఎస్‌డీలోని పేజ్ ఫైల్ (ర్యామ్‌లో పట్టనిది దాచుకునే చోటు) వైపు వెళ్లిందంటే, ఒక్కోసారి చదవడానికి పదుల మైక్రోసెకన్లు పడుతుంది. మైక్రోసెకను అంటే వెయ్యి నానోసెకన్లు. ర్యామ్ వల్ల ల్యాప్‌టాప్ ఈడ్చుకుంటూ నడిచేది ఈ రెండో కారణంతోనే. కాబట్టి మీకు 8 జీబీ చాలడం లేదని తేలి, ఖరీదైన 8కి అడిగే డబ్బులోనే సాదా 16 దొరుకుతుంటే, కళ్లు మూసుకుని 16 తీసుకోండి. రెండో స్లాట్ ఖాళీగా ఉంటే అందులో మామూలు స్టిక్ ఒకటి వేయండి, డ్యూయల్ చానెల్, అంటే రెండు స్టిక్‌ల నుంచీ ఒకేసారి డేటా అందే ఏర్పాటు, వస్తుంది. విడి గ్రాఫిక్స్ లేని ల్యాప్‌టాప్‌లో దాని లాభం ఏ మెరుపు లేబుల్‌తోనూ రాదు.

అసలు చాలడం లేదా అన్నది ముందు చూసుకోవాలి. రోజూ వాడేవన్నీ తెరిచి ఉంచి, అదే మెమరీ పేజీ చూడండి. సగానికి కాస్త అటూఇటూ వాడుతుంటే మీ జబ్బు ర్యామ్ కాదు. చాలాసార్లు అది పాత హార్డ్ డిస్క్. ఎస్‌ఎస్‌డీకి మారితే తీరిపోతుంది.

అపోహ: చవక ర్యామ్ వేస్తే మదర్‌బోర్డు కాలిపోతుంది.

ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ, దీన్ని నమ్మి నిద్ర పాడుచేసుకున్నవాళ్లను చూశాను. డీడీఆర్4 నడిచేది 1.2 వోల్టుల మీద, డీడీఆర్5 1.1 మీద. జెడెక్ వేగంలో నడిచినంతవరకు స్టిక్ చవకైనా ఖరీదైనా అంతే. స్టిక్ ఎవరి పేరుతో అమ్మినా, లోపలి మెమరీ చిప్‌లు చాలావరకు శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ ఈ మూడింటివే. నాసిరకం స్టిక్ చేసే కీడు వేరు: బ్లూ స్క్రీన్లు, ఉన్నట్టుండి రీస్టార్ట్‌లు, ఒక్కోసారి ఫైళ్లు పాడవడం. అందుకే పేరూ వారంటీ లేని స్టిక్ వద్దంటాను. ఏది కొన్నా, రిటర్న్ గడువులోపే ఒక రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్ నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా వెనక్కి ఇచ్చేయండి. "ఒక్కటేగా" అని ఊరుకోవద్దు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. రెండు బ్రాండ్లు కలపకూడదంటారు. సాధారణంగా కలుస్తాయి, రెండూ తక్కువదాని వేగంతో నడుస్తాయి. 8 పక్కన 16 వేస్తే డ్యూయల్ చానెల్ పోతుందంటారు. చాలా ల్యాప్‌టాప్‌లలో కొంత భాగం డ్యూయల్‌లో, మిగిలింది సింగిల్‌లో నడుస్తుంది. డీడీఆర్4 స్లాట్‌లో డీడీఆర్5 పట్టదు, గాడి వేరేచోట ఉంటుంది. బలవంతంగా నొక్కకండి. టాస్క్ మేనేజర్‌లో ఫార్మ్ ఫ్యాక్టర్ దగ్గర "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే ఆ ర్యామ్ బోర్డుకే అతికించి ఉందని అర్థం. అలాంటప్పుడు వేరే స్లాట్ ఉందో లేదో మోడల్ వివరాల్లో చూశాకే కొనండి.

సొంతంగా వేసుకునేవాళ్లు ముందు ఛార్జర్ పీకి, లోపల బ్యాటరీ కనెక్టర్ కూడా తీయండి. స్టిక్‌ను ఏటవాలుగా పెట్టి, బంగారు రంగు పిన్నులు దాదాపు కనపడనంత లోపలికి తోసి, తర్వాత కిందికి నొక్కితే రెండు వైపులా క్లిప్పులు టక్కుమని పట్టుకుంటాయి. డీడీఆర్5 అయితే మొదటిసారి ఆన్ చేసినప్పుడు స్క్రీన్ కాసేపు నల్లగానే ఉండొచ్చు. ల్యాప్‌టాప్ కొత్త ర్యామ్‌ను పరీక్షించి సరిచూసుకునే సమయం అది, కొన్నిటికి నిమిషాలు పడుతుంది. చచ్చిపోయిందనుకుని ఆ మధ్యలో పవర్ బటన్ నొక్కి ఆపేయకండి.