హోల్డర్ మోకాలు, అదుపు తప్పిన స్నాప్: అపోహలు - వాస్తవాలు

నేను న్యూజెర్సీలో హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు రిఫరీగా ఉంటాను. ఫీల్డ్ గోల్ (బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్ని పాయింట్లు తెచ్చుకోవడం) అప్పుడు హోల్డర్‌ని, అంటే మోకాలి మీద ఉండి కిక్ కోసం బంతిని నేల మీద నిలబెట్టేవాడిని, దాన్ని తన్నే కిక్కర్‌ని చూసే బాధ్యత నాదే. స్నాప్ (ఆట మొదలుపెడుతూ బంతిని వెనక్కి హోల్డర్‌కు అందించడం) నుంచి కిక్ దాకా సెకనున్నర కూడా పట్టదు. స్టాండ్స్‌లోంచి ఎక్కువ అరుపులు వినిపించేది ఆ కాస్త సమయంలోనే.

అపోహ: చేతిలో బంతి, నేల మీద మోకాలు ఉంటే ఆట ఆగిపోవాలి.

మామూలు ఆటగాడికైతే నిజమే. హైస్కూల్లో ఎవరూ తాకకపోయినా, బంతి ఉన్నవాడి చేయీ పాదమూ కాక వేరే ఏ భాగం నేలకు తగిలినా బంతి డెడ్, అంటే ఆట అక్కడితో ఆగినట్టే. హోల్డర్‌కు మాత్రం మినహాయింపు ఉంది. స్నాప్ సమయానికి అతని మోకాలు నేల మీద ఉండాలి, కిక్ కొట్టడానికి సహచరుడు సిద్ధంగా ఉండాలి. అప్పుడు బంతిని కిక్‌కు నిలబెట్టవచ్చు, లేదంటే లేచి పరుగెత్తవచ్చు, పాస్ వేయవచ్చు. మోకాలి మీదే ఉండి పాస్ వేస్తానంటే మాత్రం ఈ మినహాయింపు వర్తించదు.

అపోహ: స్నాప్ పాడైందంటే హోల్డర్ మళ్లీ మోకాలు వంచకూడదు.

కోచ్‌లు కూడా తడబడేది ఇక్కడే. స్నాప్ తల మీదుగా వచ్చింది, హోల్డర్ లేచి పట్టుకున్నాడు, వెంటనే మోకాలు దించి బంతి నిలబెట్టాడు. ఇది సక్రమమే. పక్కకు పోతున్న బంతిని లేచి వెళ్లి అందుకుని వెంటనే మోకాలు వంచినా అంతే.

అదే బంతి ముందు అతని చేతులకు తగిలి జారిపోయి, అతను మోకాలు లేపి దాన్ని దొరకబుచ్చుకుంటే కథ మారుతుంది. ఇప్పుడు మోకాలు నేలకు తగిలితే బంతి డెడ్, నేను విజిల్ వేస్తాను. జారిన బంతిని మోకాలు లేపకుండానే అందుకుంటే మాత్రం ఆట సాగుతుంది. అందుకే నేను చూసేది స్నాప్ ఎంత ఘోరంగా వచ్చిందని కాదు. బంతి అతని చేతుల్లోంచి జారిందా, మోకాలు లేచిందా అన్నదే.

అపోహ: టీవీలో చూసిన రూలే అన్నిచోట్లా.

2007 జనవరి 6న సియాటిల్‌లో జరిగిన ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) ప్లేఆఫ్‌లో డాలస్ హోల్డర్ టోనీ రోమో చేతుల్లోంచి బంతి జారింది. దాన్ని తీసుకుని పరుగెత్తాడు. గోల్ లైన్ చేరకముందే సియాటిల్ ఆటగాడు జోర్డన్ బాబినో పడగొట్టాడు, సియాటిల్ 21-20తో గెలిచింది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ప్రత్యర్థి తాకకుండా మోకాలు ఆనినంత మాత్రాన ఆట ఆగదు, లేచి పరుగెత్తవచ్చు. అది చూసి మా మైదానంలో తీర్పు ఆశించకూడదు. టెక్సాస్‌లో ఉన్న తెలుగువాళ్లకు ఇంకో మాట: అక్కడి హైస్కూళ్లు కాలేజీ రూల్స్ ఆధారంగా ఆడతాయి. న్యూజెర్సీ మినహాయింపు వివరాలు అక్కడ వాడకండి.

అపోహ: హోల్డర్‌కు దెబ్బ తగిలితే ఫ్లాగ్ (ఫౌల్‌కు గుర్తుగా రిఫరీ విసిరే జెండా) పడాల్సిందే.

స్నాప్ చెడి, కిక్ కొడతారో లేదో తేలని స్థితిలో తప్పించుకోలేక ఢీకొంటే ఫౌల్ కాదు. లేచి పరుగందుకున్న హోల్డర్‌ను ప్రత్యర్థుల్లో ఎవరైనా టాకిల్ చేయవచ్చు, అంటే పట్టి పడగొట్టవచ్చు. అయినా కిక్ కోసం మోకాలి మీద కూర్చున్న పిల్లాడికి ఒంటిని కాచుకునే వీలుండదు, అతని మీదకు అనవసరంగా దూకితే నేను ఉపేక్షించను.

అపోహ: ఎక్స్‌ట్రా పాయింట్ (టచ్‌డౌన్ తర్వాత అదనపు పాయింట్ కోసం కొట్టే కిక్) చెడితే డిఫెన్స్ బంతి లాక్కుని రెండు పాయింట్లు తెచ్చుకోవచ్చు.

కాలేజీలో, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అవును. మా దగ్గర బంతి డిఫెన్స్ చేతికి చిక్కిన క్షణమే ఆ ప్రయత్నం ముగుస్తుంది.