పోర్ట్, మదీరా వైన్లు: అపోహలు – వాస్తవాలు

పోర్చుగల్‌లోని పోర్టో నగరానికి ఎదురుగా, డోరో నది అవతలి ఒడ్డున విలా నోవా ద గైయా ఉంది. పోర్ట్ వైన్ పీపాలు తరతరాలుగా నిలవ ఉంటున్నది అక్కడి గిడ్డంగుల్లోనే. అలాంటి ఒకచోట వచ్చినవాళ్లకు వైన్ రుచి చూపించడం నా పని. మన తెలుగువాళ్లు వచ్చినప్పుడు మాత్రం రుచికన్నా ముందు కొన్ని నమ్మకాల గురించి మాట్లాడాల్సి వస్తుంది.

అపోహ: పోర్ట్ అంటే చక్కెర కలిపిన వైన్.

మన దగ్గర "పోర్ట్ వైన్" అని అమ్మే తియ్యటి సీసాలు చూసి ఇలా అనుకుంటారు. వాటికీ, అసలు పోర్ట్ ద్రాక్ష పండే డోరో లోయకీ సంబంధం లేదు. ఈ లోయకు 1756లోనే హద్దులు గీశారు. ఇక్కడి ద్రాక్షరసం పులుస్తూ ఉండగా, చక్కెరలో దాదాపు సగం ఆల్కహాల్‌గా మారేసరికి 77 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రాక్ష స్పిరిట్ పోస్తారు. దాంతో ఈస్ట్ చచ్చిపోయి పులియడం ఆగిపోతుంది. మిగిలిన తీపి ద్రాక్షదే.

అపోహ: ఎంత పాతదైతే అంత మంచిది, మూత తీసినా పాడవదు.

నాకు బాగా బాధ కలిగించేది ఇదే. పెళ్లిరోజుకని కొన్న వింటేజ్ పోర్ట్ (ఒకే మేటి ఏడాది పంటతో చేసేది) తెరిచి, రెండు గ్లాసులు తాగి, మిగతాది నెల తర్వాత బంధువులకు పోశామని ఒకావిడ చెప్పారు. అప్పటికి అందులో పండు వాసనే లేదట. వింటేజ్ పోర్ట్ పీపాలో రెండు మూడేళ్లే ఉంటుంది. ఆ తర్వాత దశాబ్దాల పాటు సీసాలో, గాలి సోకకుండా పెరుగుతుంది. అందుకే తెరిచాక గాలికి నిలవదు, రెండు మూడు రోజుల్లో తాగేయాలి. అడుగున మడ్డి చేరుతుంది కాబట్టి ముందురోజే సీసాను నిలబెట్టి, మెల్లగా తేట వంపుకోవాలి.

టానీ అనే పోర్ట్ రకం కథ వేరు. అది ఏళ్ల తరబడి పీపాలోనే, గాలికి అలవాటు పడుతూ పెరుగుతుంది. ఎరుపు తగ్గి తేనె రంగు వస్తుంది. అక్రోటు, ఎండు అంజీర్ వాసనలు వస్తాయి. తెరిచి ఫ్రిజ్‌లో పెట్టినా కొన్ని వారాలు బాగుంటుంది. కానీ మామూలు రూబీ (ఎర్రటి, పండు రుచి ఉండే పోర్ట్) గానీ, టానీ గానీ మూత తీయకుండా బీరువాలో ఎన్నేళ్లు దాచినా మెరుగుపడవు.

అపోహ: "20 ఏళ్ల టానీ" అంటే అందులో ప్రతి చుక్కా 20 ఏళ్లదే.

కాదు. రకరకాల వయసుల వైన్లు కలిపి ఆ వయసు తీరు తెప్పిస్తారు. ఒకే ఏడాది పంటతో చేసిన టానీ కావాలంటే కొల్హేటా అడగండి. అది కనీసం ఏడేళ్లు పీపాలో ఉంటుంది.

అపోహ: రూమ్ టెంపరేచర్‌లో తాగాలి.

మన ఎండాకాలపు గదిలో పెడితే ముక్కుకు ఆల్కహాల్ ఘాటు తప్ప ఇంకేమీ అందదు. టానీని 12 నుంచి 14 డిగ్రీల దగ్గర రుచి చూడండి. చిట్టి గ్లాసు వద్దు. మామూలు వైట్ వైన్ గ్లాసులో మూడో వంతు పోస్తే వాసన తిరగడానికి చోటుంటుంది.

అపోహ: వేడి తగిలితే ఏ వైనైనా పాడవుతుంది.

పోర్చుగల్‌కే చెందిన మదీరా ద్వీపంలో వైన్‌ను కావాలనే వేడి చేస్తారు. 45 డిగ్రీలకు పైన కనీసం మూడు నెలలు తొట్టెల్లో కాస్తారు, లేదా ఏళ్ల తరబడి వెచ్చటి అటకల మీద పీపాల్లో ఉంచుతారు. వేడినీ గాలినీ అప్పటికే చూసేసిన వైన్ కాబట్టి తెరిచిన సీసా నెలల తరబడి నిలుస్తుంది. తీపి పడనివాళ్లు సెర్సియల్ అనే, తీపి తక్కువ ఉండే మదీరాతో మొదలుపెట్టండి. దాని పులుపు నాకు చాలా ఇష్టం.

అపోహ: రుచి చూసి ఉమ్మేయడం అమర్యాద.

వీటిలో ఆల్కహాల్ 20 శాతం దాకా ఉంటుంది. ఆరు రకాలు మింగితే ఏడోది నాలుకకు తెలియదు. బల్ల మీద గిన్నె పెట్టేది అందుకే, మొహమాటం లేకుండా వాడండి.