వెలుగు కాలువకు ఎన్ని తూములు?

"ఫైబర్‌లో (సమాచారాన్ని మోసే సన్నని గాజు తీగలో) వెళ్లే వెలుగును రెండుగా చీలిస్తే అందులోని సమాచారం కూడా సగమైపోదా?" అని ఒక పాఠకుడు అడిగారు. ఎంత మంచి ప్రశ్న! ఒకే ప్రసారాన్ని పలు నగరాలకు పంపే మల్టీకాస్ట్ స్విచ్‌ల రూపకల్పన అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

సమాచారం సగం కాదు. కాలువ మొదట్లో తూము తలుపును ఒక లయలో ఎత్తుతూ దించుతున్నారనుకోండి. ఆ లయ అలలుగా దిగువకు పోతుంది. కాలువ రెండుగా చీలితే ఒక్కో పాయలో నీరు సగమే, లయ మాత్రం పూర్తిగా ఉంటుంది. మన సందేశం నీరు కాదు, లయ. వెలుగును చీల్చే గాజు స్ప్లిటర్ ఏ మెమరీ లేకుండానే ప్రతి కొమ్మకూ పూర్తి సందేశం అందిస్తుంది.

మరి చివరి ఆయకట్టు సంగతి? 1550 నానోమీటర్ల దగ్గర ఒక మిల్లీవాట్ వెలుగుతో సెకనుకు 1000 కోట్ల బిట్లు పంపితే బిట్‌కు సగటున 7,80,000 ఫోటాన్లు (వెలుగు రేణువులు) వస్తాయి. 32 కొమ్మలకు పంచితే 24,000. ఆపైన 100 కిలోమీటర్ల ఫైబర్ దాటితే మిగిలేవి 240. అంత సన్నని అల మామూలు గ్రాహకం సొంత రొదలోనే మునిగిపోతుంది. వెలుగును వెలుగుగానే పెంచే ఎర్బియం యాంప్లిఫయర్ బలం పోస్తుంది కానీ, తన రొదనూ కలుపుతుంది.

ఈ తగ్గుదలను లాగరిథమ్ లెక్కలో కొలిచే ప్రమాణం డెసిబెల్. ఒక్కసారి సగం చేస్తే 3 డెసిబెల్ నష్టం. మంచి ఫైబర్‌లో కిలోమీటరుకు 0.2 డెసిబెల్. అంటే ఒక్క చీలిక 15 కిలోమీటర్ల ప్రయాణంతో సమానం, ఐదుసార్లు సగం చేస్తే వచ్చే 32 కొమ్మలు 75 కిలోమీటర్లతో సమానం! లాగరిథమ్ పట్టికలను బట్టీ పట్టించే బదులు ఈ లెక్క చూపిస్తే పిల్లలు దాన్ని జన్మలో మరచిపోరు.

1998లో వైషెంగ్ హు, చింగ్‌జి జెంగ్ ప్రతిపాదించిన స్విచ్‌లో ప్రతి ఇన్‌పుట్ వెలుగునూ అన్ని అవుట్‌పుట్‌లకూ చీల్చి, అక్కరలేని చోట గేటు మూస్తారు. 16 అవుట్‌పుట్‌లుంటే, గమ్యం ఒక్కటే అయినా 15 వంతులు వృథా. ఒక్క పొలం తడపడానికి పదహారు కాలువలకు నీళ్లు వదిలి, పదిహేనింటికి అడ్డుకట్ట వేసినట్టు. ఇది నాకు మింగుడుపడదు. అందుకే తర్వాతి రూపాల్లో బహుళ గమ్యాల ప్రసారాలనే స్ప్లిటర్ల వైపు మళ్లించి, మిగతావాటిని నేరుగా పంపారు.

అంతకన్నా నాకు నచ్చినది తూముల కొలత. వరుసగా నాలుగు ఊళ్లున్నాయి. ప్రతిచోటా సగం తీసుకుంటే మూడో ఊరికి ఎనిమిదో వంతే దక్కుతుంది. మొదటి ఊరు నాలుగో వంతు, రెండోది మిగిలినదానిలో మూడో వంతు, మూడోది సగం తీసుకుంటే, దారి నష్టం పక్కన పెడితే, అందరికీ సమానంగా పావు వంతు. మరి ఒక ఊరు తప్పుకుంటే? నిష్పత్తులు మారాలి. అక్కడ మాక్-జెండర్ పరికరం పనికొస్తుంది. వెలుగును రెండు దారుల్లో నడిపి, ఒకదాన్ని కొద్దిగా వేడి చేస్తారు. దాంతో ఆ దారిలోని వెలుగు అల దశ మారుతుంది, అంటే అల కాస్త ముందుకో వెనక్కో జరుగుతుంది, రెండు దారులూ మళ్లీ కలిసేచోట ఎంత వెలుగు ఎటు పోవాలో సున్నా నుంచి నూరు శాతం దాకా మన చేతికి వస్తుంది. సిలికాన్ మీద ఈ తూము మైక్రోసెకన్లలోనే సర్దుకుంటుంది.